ఉయ్యాలో అనేలోపు పాట కడతారు

"మన దగ్గర జానపదం పాడే ఆడవాళ్లకు గొంతుంది మేడం, రచన లేదు. అక్కడివాళ్లు తమ పాట తామే రాసుకుంటారు. మనవాళ్లు ఎప్పటిదో, ఎవరిదో పాడతారు."

నల్లగొండలో నేను పనిచేసే కాలేజీ స్టాఫ్‌రూములో ఒక సహోద్యోగి అన్న మాట ఇది. మన పాటను చిన్నచూపు చూసే మనిషి కాదాయన. అమెరికా, కెనడా గాయనులు జోన్ బయెజ్‌, జోనీ మిచెల్‌, జానిస్ జాప్లిన్‌ల పాటలు నాకు పరిచయం చేసిందే ఆయన. ఇప్పటికీ మంచి పాట దొరికితే వాట్సాప్‌లో లింకు పంపుతారు. అయినా ఆ మాట నాకు మింగుడు పడలేదు. అక్కడివాళ్ల గురించి అది సగమే నిజం. మనవాళ్ల గురించి అయితే అసలు నిజం కాదు.

ముందు ఆయన పేర్లతోనే మొదలు పెడతాను.

జోన్ బయెజ్ 1959లో, పద్దెనిమిదేళ్ల వయసులో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో పాడి అందరి కళ్లలో పడింది. మరుసటి ఏడు మొదటి ఆల్బమ్ వచ్చింది. అందులో చాలావరకు పాత పాటలే. ఇంగ్లండ్, స్కాట్లండ్ పల్లెల నుంచి ఓడలెక్కి అమెరికా చేరినవి, ఎవరు కట్టారో ఎవరికీ తెలియనివి. ఆమె గొంతు బాగా పైస్థాయిలో, నిటారుగా ఉంటుంది. దీర్ఘం తీసిన చోట సన్నగా వణుకుతుంది. తన గురించి తాను రాసుకున్న పాటల్లో పెద్ద పేరు వచ్చినది 'డైమండ్స్ అండ్ రస్ట్', అది 1975 నాటిది. అప్పటికి ఆమె పాడబట్టి పదిహేనేళ్లు దాటింది. ఫోక్ పాటకు రాణి అని లోకం పిలిచింది ఆ పదిహేనేళ్లలోనే. అంటే ఎక్కువగా ఇతరుల పాటలు పాడుతూనే ఆమె అంత పెద్దదైంది.

జానిస్ జాప్లిన్ సంగతి ఇంకా స్పష్టం. 1967లో మాంటెరీ పాప్ ఫెస్టివల్‌లో ఆమెను ఒక్క రోజులో దేశమంతా తెలిసేలా చేసిన 'బాల్ అండ్ చెయిన్' పాట బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని రాసినది. జానిస్ చనిపోయాక 1971లో నంబర్ వన్‌కు చేరిన 'మీ అండ్ బాబీ మెగీ' క్రిస్ క్రిస్టాఫర్సన్ రాసినది. సొంతంగా ఆమె రాసినవి తక్కువ. కానీ 'బాల్ అండ్ చెయిన్' వీడియో ఒకసారి చూడండి. ఒకే మాటను పట్టుకుని లాగుతుంది, విరుస్తుంది, గుసగుసకు దించుతుంది, అక్కడి నుంచి ఒక్కసారిగా కేక పెడుతుంది. వెనక వాద్యాలు ఆగిపోయి ఆమె ఒక్క గొంతే మిగిలే చోట్లు ఉన్నాయి. ఆ చోట్లను ఎవరూ కాగితం మీద రాయలేదు. అక్కడ పాట కడుతున్నది ఆమే. థార్న్‌టన్ పాట థార్న్‌టన్‌దే, అందులో నాకు అనుమానం లేదు. అయినా జానిస్ దాన్ని ఊరికే మళ్లీ పాడింది అంటే నేను ఒప్పుకోను.

ఇక జోనీ మిచెల్. నా సహోద్యోగి మాట పూర్తిగా నిలబడేది ఈమె దగ్గరే. కెనడాలో పుట్టింది. తొమ్మిదేళ్లప్పుడు పోలియో వచ్చి ఎడమ చేతిలో పట్టు తగ్గింది. గిటారు మీద మామూలుగా వేళ్లు పెట్టే పద్ధతి కష్టమైతే, తీగలనే వేరే వేరే శ్రుతులకు సరిచేసుకుంది. దాంతో ఇంకెవరి పాటలోనూ వినపడని స్వరాల కలయికలు ఆమెకు దొరికాయి. మాటలు ఆమెవే, బాణీ ఆమెదే, చివరికి గిటారు శ్రుతి కూడా ఆమెదే.

ఆమె 'బోత్ సైడ్స్ నౌ' పాటను ముందు జనంలోకి తీసుకెళ్లింది మాత్రం జూడీ కాలిన్స్, 1968లో. జోనీ తన గొంతుతో 1969 ఆల్బమ్‌లో పాడింది. ఇరవైల్లో ఉన్న అమ్మాయి గొంతు అది, ఎగురుతూ పోతుంది. 2000లో అదే పాట పెద్ద ఆర్కెస్ట్రాతో మళ్లీ పాడింది. అప్పటికి గొంతు చాలా కిందికి దిగింది, బరువెక్కింది, పైస్థాయి పోయింది. ఒక్క మాట మారలేదు. కానీ జీవితాన్ని రెండు వైపుల నుంచీ చూశానని మొదటిసారి ఒక అమ్మాయి అంటోంది, రెండోసారి నిజంగానే చూసొచ్చిన మనిషి చెబుతోంది. రెండూ వెంట వెంటనే వినమని నా స్టూడెంట్స్‌కు కూడా చెబుతుంటాను. 2015లో మెదడులో రక్తనాళం దెబ్బతిని మాట, నడక మళ్లీ నేర్చుకోవలసి వచ్చిన మనిషి, 2024 ఫిబ్రవరిలో అమెరికా సంగీత అవార్డులైన గ్రామీ వేదిక మీద కుర్చీలో కూర్చుని ఎనభై ఏళ్ల వయసులో ఆ పాటే పాడింది. మూడు గొంతుల్లో మూడు పాటలు అవి. రాసినావిడ ఒక్కతే అయినా, కాగితం మీది పాటతో పని అయిపోలేదు. గొంతు మారినప్పుడల్లా పాట మళ్లీ తయారైంది.

అందుకే గొంతుకు ఇన్ని మార్కులు, రచనకు ఇన్ని మార్కులు అని విడివిడిగా వేసే లెక్క నాకు నచ్చదు. ఆ లెక్కలో అందరికన్నా ఎక్కువ నష్టపోయేది మన ఊళ్ల ఆడవాళ్లే.

మా అమ్మగారి ఊరు మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాలువ కింద. మా పెద్దమ్మ నాట్లకు పోయేది. సెలవులకు పోయినప్పుడు నేను ఒడ్డు మీద నారు కట్టలు అందించేదాన్ని. ఆడవాళ్లంతా వరసగా వంగి, బురదలో ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ నాటేవాళ్లు. పాట ఎత్తుకునేది మా పెద్దమ్మే. ఒకసారి అంతకుముందు మడికి రావలసిన కూలి బాకీ ఉంది. అడిగితే రేపు మాపు అంటున్నాడు పటేలు. ఆ రోజు వచ్చి ఒడ్డు మీద నిలబడి మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటున్నాడు. మా పెద్దమ్మ తల ఎత్తలేదు, చేతులు ఆపలేదు. అప్పటిదాకా పాడుతున్న పాట బాణీలోనే ఇలా అందుకుంది:

కాల్వ నీళ్లు వచ్చె ఉయ్యాలో
కడమ కూలి రాదె ఉయ్యాలో
ఒడ్డు మీద పటేలు ఉయ్యాలో
గడియారం జూసె ఉయ్యాలో
వంగినా నడుముకు ఉయ్యాలో
గంటలేడియమ్మా ఉయ్యాలో

వరసంతా ఉయ్యాలో అంటూనే నవ్వు ఆపుకోలేకపోయింది. పటేలు మొహం ఎర్రబడింది. ఆ సాయంత్రమే బాకీలో సగం ముట్టింది. తర్వాత ఆ పాట ఎప్పుడు కట్టావని అడిగితే, "నేను గట్టుడేంది బిడ్డా, నోటికొచ్చింది అన్న" అంది పెద్దమ్మ.

నోటికి ఊరికే రాదు. ఎలా వస్తుందో పక్కన నిలబడి గమనిస్తే తెలుస్తుంది. ముందు పాడే మనిషి ఒక ముక్క అంటుంది, మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. ఆ ఉయ్యాలో పట్టే కాలంలో ముందున్న మనిషికి ఊపిరి దొరుకుతుంది, తర్వాతి ముక్క దొరుకుతుంది. 'కాల్వ'కు 'కడమ' కుదిరింది ఆ వ్యవధిలోనే. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు కూడా ఇదే పని జరుగుతుంది. చందమామ అన్నా, కోలు అన్నా, ఆ పల్లవి అలంకారం కోసం పెట్టుకున్నది అనుకుంటే పొరపాటు. పాట అప్పటికప్పుడు కట్టడానికి దొరికే సమయం అది. బాణీని నాలుగైదు స్వరాల్లోనే ఉంచడం కూడా అందుకే అని నా నమ్మకం. బాణీ గురించి ఆలోచించే పని లేకపోతే మనసంతా మాట మీద పెట్టవచ్చు. పైగా ముసలమ్మ నుంచి ఎనిమిదేళ్ల పిల్ల దాకా అందరూ అందుకోగలరు.

అమెరికా నల్లజాతి వాళ్ల బ్లూస్ పాట గురించి చదివినప్పుడు నాకు ఇదే కనబడింది. అందులో మొదటి పాదం రెండుసార్లు పాడి, మూడో పాదంతో ముగిస్తారు. మొదటి పాదం రెండోసారి పాడేలోపు మూడోది దొరకాలి. బిగ్ మామా థార్న్‌టన్ ఆ సంప్రదాయంలో పెరిగిన మనిషే. జానిస్ రాక్ పాట ఆ చెట్టు కొమ్మే. ఈ సంగతి నా సహోద్యోగికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే రాక్ సంగీతానికి, నాట్ల పాటకు చుట్టరికం ఉందంటారా?" అన్నారు. రక్త సంబంధం లేదు. కానీ పని చేస్తూ, గుంపులో నిలబడి, రాయకుండా పాట కట్టాల్సి వచ్చినవాళ్లు ఎక్కడున్నా దాదాపు ఒకే ఉపాయం కనిపెట్టారు. దాన్ని రచన కాదంటే రచన అంటే కలం మాత్రమే అనుకోవాలి.

గొంతు సంగతి కూడా చెప్పాలి. బయెజ్ గొంతు ఒక్క గిటారు తోడుగా, మైకు ముందు, నిశ్శబ్దంగా కూర్చున్న జనం మధ్య పెరిగిన గొంతు. జానిస్ గొంతు విద్యుత్ గిటార్ల హోరు మీద నుంచి వినపడాల్సిన గొంతు. మా పెద్దమ్మ గొంతు మోటారు చప్పుడును, ఎదురు గాలిని దాటి వరస చివరి మనిషికి అందాల్సిన గొంతు, అదీ నడుం వంచి. అందుకే ఆమె ఛాతీలోంచి బలంగా తీస్తుంది, మాటను గుండ్రంగా చెయ్యదు, ముక్క చివరన అచ్చును కాస్త సాగదీసి ఠక్కున వదిలేస్తుంది. సుశీలమ్మ పాటలు రేడియోలో విని పెరిగిన చెవులు మనవి. ఆ గొంతు గొప్పతనం గురించి ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. కానీ ఆ ఒక్క కొలతతోనే అందరినీ కొలిచి, నాటు గొంతు, బొంగురు గొంతు అని పక్కన పెట్టడం అన్యాయం. జానిస్ కీచుగా అరిస్తే ఆవేశం అంటాం, మన ఊరామె గొంతెత్తితే గరుకు అంటాం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మనమే తేల్చుకోవాలి.

మా జిల్లాకు ఈ పద్ధతిలో పెద్ద చరిత్రే ఉంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో మల్లు స్వరాజ్యం గారు ఊరూరా తిరిగి ఉయ్యాల పాటల బాణీలోనే వెట్టి గురించి, దొరల గురించి పాడేవారు. ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలు ఇస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. ఆ బాణీ ఆడవాళ్లందరికీ ముందే తెలుసు కాబట్టి మాట ఒక్కటి మారిస్తే చాలు, ఊరంతా అందుకునేది. ఆలేరులో పుట్టిన గాయని విమలక్క అరుణోదయ అనే సాంస్కృతిక బృందం వేదికల మీద చేసేది కూడా దీనికి కొనసాగింపే. పాట ఆపి మాట, మాట ఆపి పాట. వేదిక ముందున్న జనాన్ని బట్టి ఆ రోజు పాట పొడవు, వేడి మారిపోతాయి. న్యూయార్క్‌లో రాక్ గాయని ప్యాటి స్మిత్ 1975లో తన మొదటి ఆల్బమ్ ఇలాగే మొదలు పెట్టింది. ముందు తన కవిత, అందులోంచి జారి వ్యాన్ మారిసన్ పాత పాటలోకి. విమర్శకులు దాన్ని కొత్త దారి అన్నారు. నిజమే, అక్కడ కొత్త దారే.

భువనగిరి స్పిన్నింగ్ మిల్లులో కార్మికురాలిగా పనిచేసి, తెలంగాణ సభల్లో పాడిన బెల్లి లలితను 1999 మేలో చంపి, ముక్కలు చేసి పడేశారు. ఆమె పాటలు తీపిగా ఉన్నాయా, శ్రుతిలో ఉన్నాయా అని చర్చించే ఓపిక నాకు లేదు. ఒక గొంతుకు భయపడి అంత పని చేశారంటే ఆ గొంతు ఏం చేయగలిగిందో వాళ్లకు బాగా తెలుసు.

ఇంత ఉన్నా పాటల రచయితలు ఎవరు అంటే మనకు వెంటనే గుర్తొచ్చేవన్నీ మగవాళ్ల పేర్లే. నల్లగొండ అంటే సుద్దాల హనుమంతు, బండి యాదగిరి. పాలమూరు అంటే గోరటి వెంకన్న. ముగ్గురూ నాకు ప్రాణం. వెంకన్న పాటల్లో మా పల్లె తన మాటలతో మాట్లాడుతుంది. కానీ వాళ్లు కూడా అమ్మల, అక్కల నోటి పాట విని పెరిగినవాళ్లే కదా. ఆ అమ్మల పేర్లు ఎక్కడా లేవు. పాలమూరు నుంచి బొంబాయికి, పుణేకు మట్టిపనికి పోయిన కుటుంబాల్లో, ఇంట్లో మిగిలిన ముసలితల్లి కట్టిన పాటలు ఎన్ని పోయాయో లెక్క లేదు.

పేరు లేకపోతే పోయేది గౌరవం ఒక్కటే కాదు, డబ్బులు కూడా. నార్త్ కరోలినాలో ఎలిజబెత్ కాటెన్ అనే నల్లజాతి పిల్ల చిన్నతనంలోనే 'ఫ్రైట్ ట్రెయిన్' అనే పాట కట్టింది. పెద్దయ్యాక గిటారు వదిలేసి ఏళ్ల తరబడి ఇళ్లలో పని చేసింది. సీగర్ అనే సంగీత కుటుంబం ఇంట్లో పనిచేస్తుండగా వాళ్లకు ఆ పాట తెలిసింది. ఆ ఇంటి అమ్మాయి పెగ్గీ దాన్ని ఇంగ్లండ్‌లో పాడితే, అక్కడ వేరేవాళ్లు తమ పేర రిజిస్టర్ చేయించుకున్నారు. 1957లో అది అక్కడ పెద్ద హిట్. కాటెన్ పేరు దానికి తగిలించడానికి కొట్లాడాల్సి వచ్చింది. 1985లో గ్రామీ అవార్డు అందుకునేనాటికి ఆమెకు తొంభై ఏళ్లు నిండాయి. బిగ్ మామా థార్న్‌టన్‌దీ అదే గతి. 'బాల్ అండ్ చెయిన్' హక్కులు, ఆమె రికార్డును విడుదల కూడా చేయని ఒక కంపెనీ దగ్గర ఉండిపోయాయి. జానిస్ పాడిన రికార్డు లక్షల్లో అమ్ముడైనా పాట హక్కుల మీద వచ్చే డబ్బు థార్న్‌టన్ చేతికి అందలేదు.

జానిస్‌కు మాత్రం తను ఎవరి నుంచి నేర్చుకుందో గుర్తుంది. గొప్ప బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ 1937లో చనిపోతే, ఆమె సమాధి మీద పేరున్న రాయి కూడా లేదు. 1970 ఆగస్టులో ఆ రాయి పెట్టడానికి డబ్బులిచ్చిన ఇద్దరిలో ఒకరు జానిస్, ఇంకొకరు చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పనిచేసిన జువానిటా గ్రీన్. ఆ అక్టోబర్ 4న జానిస్ కూడా పోయింది, ఇరవై ఏడేళ్లకు.

వీళ్లకు ఎదురుగా నల్లజాతి గాయని ట్రేసీ చాప్‌మన్‌ను పెట్టి చూడండి. 1988లో వచ్చిన 'ఫాస్ట్ కార్' మాట, బాణీ అన్నీ ఆమెవే, కాగితం మీద కూడా ఆమె పేరే. ముప్పై అయిదేళ్ల తర్వాత 2023లో ల్యూక్ కూంబ్స్ అనే కంట్రీ గాయకుడు దాన్ని మళ్లీ పాడితే, ఆ ఏడాది కంట్రీ సంగీతంలో ఉత్తమ పాట అవార్డు రచయితగా చాప్‌మన్‌కు వచ్చింది. ఆ అవార్డు ఒక నల్లజాతి రచయితకు రావడం అదే మొదలు. జోనీ మిచెల్ కుర్చీలో కూర్చుని పాడిన ఆ గ్రామీ రాత్రే, అదే వేదిక మీద చాప్‌మన్ కూడా వచ్చి కూంబ్స్‌తో కలిసి ఆ పాట పాడింది. పేరు రాసి ఉండటం వల్ల ఎంత తేడా వస్తుందో చూడండి.

ఇప్పుడు మన దగ్గరికి రండి. యూట్యూబ్‌లో తెలంగాణ జానపదానికి కోట్లలో వ్యూస్ వస్తున్నాయి. పాడే అమ్మాయిలు స్టార్లయ్యారు, నాకు చాలా సంతోషం. కానీ రచన అన్న చోట ఆడపేరు కనపడటం అరుదు. అత్తింటి బాధ, బావ మీద అలక, పుట్టింటి మీద బెంగ, అన్నీ ఆడగొంతులోనే వస్తాయి, రాసేది మాత్రం ఎక్కువగా మగవాళ్లు. వాళ్లలో బాగా రాసేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ అందులో కూలి బాకీ ఉండదు, నడుం నొప్పి ఉండదు. మా పెద్దమ్మ పాటలో బావ ఎప్పుడూ లేడు.

బతుకమ్మ దగ్గర డీజే పెట్టడం మీద నా కోపం కూడా ఇదే. చప్పుడు ఎక్కువైందని కాదు. రికార్డు మోగుతుంటే ఉయ్యాలో దగ్గర కొత్త ముక్క పెట్టే సందు ఉండదు. పాట ముందే అయిపోయి ఉంటుంది, ఆడవాళ్లు దాని చుట్టూ తిరగడమే మిగిలింది. పొలంలోనూ ఇంతే. మా దిక్కు ఇప్పుడు నాట్లకు బీహార్, బెంగాల్ నుంచి మగ ముఠాలు వస్తున్నాయి. వాళ్ల కష్టం వాళ్లది, వాళ్లను తప్పు పట్టను. కానీ మా ఊళ్లో ఆ వరస చెదిరిపోయింది, దాంతో పాటు పాట కట్టే చోటు కూడా.

ఆ మధ్య ఒక చానల్ వాళ్లు మా అమ్మగారి ఊరికి వచ్చి ఆడవాళ్లను కూర్చోబెట్టి పాటలు రికార్డు చేసుకుపోయారు. చీరలు పెట్టారు, భోజనం పెట్టారు, బాగానే చూసుకున్నారు. కొన్నాళ్లకు అందులోని రెండు ముక్కలు, మా పెద్దమ్మవే, ఒక కొత్త పాటలో వచ్చాయి. రచన అని ఇంకెవరి పేరో ఉంది. ఫోన్ చేస్తే, "అవి ఊరి పాటలు మేడం, అందరివీ" అన్నారు. ఊరి పాట అందరిదీ అన్న మాట నాకు ఇష్టమే. అలాంటప్పుడు రచన దగ్గర ఒకరి పేరు ఎందుకు పెట్టుకున్నారు అని అడిగాను. జవాబు లేదు.

ఈ సంగతి పెద్దమ్మకు చెబితే పెద్దగా బాధ పడలేదు. ఆమె కోడలు, మా వదినె మాత్రం ఊరుకోలేదు. స్వయం సహాయక సంఘం మీటింగులో ఈ ముచ్చట పెట్టింది. ఇక మీద ఎవరు కెమెరా పట్టుకొచ్చినా, పాట ఎత్తుకునే ముందు పాడే మనిషి తన పేరు, ఊరు పేరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదో, అందులో తను కలిపిన ముక్కలేవో కెమెరాలోనే చెప్పాలని, అది కోసేస్తే పాట ఇచ్చేది లేదని తీర్మానం రాసుకున్నారు. వదినె ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపింది. నేను స్టాఫ్‌రూములో మా సహోద్యోగికి చూపించాను. ఆయన ఆ కాగితం మీద, పెద్దమ్మ వేలిముద్ర పక్కన రాసిన పేరు చదివి, ఆమె కట్టిన పాటలు ఇంకేమైనా గుర్తున్నాయా, రాసి ఇస్తారా అని అడిగారు. గుర్తున్నంత వరకు రాస్తున్నాను, మరిచినవి ఆదివారాలు ఫోన్ చేసి పెద్దమ్మతోనే పాడించుకుంటున్నాను.